తిరిగి రావలసిన నీరు

(మోక్షగుండం విశ్వేశ్వరయ్య స్మారకోపన్యాసం)



విశ్వేశ్వరయ్యగారి పేరు మీద ఉపన్యాసం అనగానే ఆనకట్టల మాటో, మూసీ వరద మాటో ఎత్తుతానని మీరు అనుకుని ఉంటారు. 1908 వరద తర్వాత నిజాం ప్రభుత్వం ఆయన్ని హైదరాబాదుకు పిలిపించిన సంగతి, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు ఆయన సలహాలే పునాది అయిన సంగతి ఈ సభకు కొత్త కాదు. నేను అంతకు ముందు సంగతి ఒకటి చెబుతాను. 1903లో పుణె దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన తాను కనిపెట్టిన తలుపులు పెట్టించారు. నీరు ఒక మట్టం దాటితే అవి వాటంతటవే తెరుచుకుంటాయి. మట్టం దిగితే వాటంతటవే మూసుకుంటాయి. అర్ధరాత్రి వరద వస్తే లస్కరు నిద్ర లేచాడా లేదా అన్నదాని మీద జలాశయం ఆధారపడకూడదన్నది ఆ తలుపుల వెనక ఉన్న ఆలోచన.

ఆ కోవకే చెందిన ఒక చిన్న పరికరం ఆవిరి వాడే ప్రతి కర్మాగారంలోనూ ఉంటుంది. దాని పేరు స్టీమ్ ట్రాప్. పైపులోకి నీరు వస్తే తెరుచుకుని బయటికి పంపాలి, ఆవిరి వస్తే మూసుకోవాలి. అరచేతిలో పట్టే ఇనుప ముక్క. పెద్ద ఫ్యాక్టరీలో ఇలాంటివి వందల్లో ఉంటాయి. వాటిలో ఎన్ని పనిచేస్తున్నాయని అడిగితే చాలాచోట్ల జవాబు చెప్పేవారుండరు. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ జవాబు లేకపోవడం గురించే.

ముందు ఆవిరి లెక్క చూద్దాం. ఇది తెలియకపోతే మిగతాదంతా గాలిమాటలా ఉంటుంది. మన మధ్యతరహా పరిశ్రమల్లో బాయిలర్ సాధారణంగా చదరపు సెంటీమీటరుకు 7 కిలోల పీడనం దగ్గర నడుస్తుంది. అక్కడ ఆవిరి ఉష్ణోగ్రత సుమారు 170 డిగ్రీల సెల్సియస్. ఒక కిలో ఆవిరిలో ఉన్న వేడి మొత్తం సుమారు 660 కిలో కేలరీలు. అందులో 490 దాకా గుప్తోష్ణం. ఆవిరి నీరుగా మారేటప్పుడు ఈ భాగాన్నే మన యంత్రం తీసుకుంటుంది. మిగిలిన 170 ఆ నీటిలోనే, అంటే కండెన్సేట్‌లోనే ఉండిపోతాయి. డబ్బు పెట్టి కొన్న వేడిలో నాలుగో వంతు ట్రాప్ దాటిన నీటిలో ఉందన్నమాట. ఆ నీటిని డ్రెయిన్‌లోకి వదిలి, దాని బదులు 30 డిగ్రీల బోరు నీటిని బాయిలర్‌కు పెడుతున్నాం.

ఫీడ్ వాటర్ ఉష్ణోగ్రత 6 డిగ్రీలు పెరిగితే ఇంధనం సుమారు ఒక శాతం తగ్గుతుందని బాయిలర్ హౌసుల్లో అందరూ చెప్పే లెక్క. పైన చెప్పిన అంకెలతో మీరే సరిచూసుకోవచ్చు. 30 డిగ్రీల నీటిని ఆవిరి చేయాలంటే కిలోకు 630 కిలో కేలరీలు కావాలి, 90 డిగ్రీల నీటికైతే 570 చాలు. ఆదా దాదాపు పది శాతం. పైగా కండెన్సేట్ లవణాలు లేని నీరు. అది తిరిగివస్తే సాఫ్ట్‌నర్‌కు ఉప్పు తగ్గుతుంది, మందులు తగ్గుతాయి, బ్లోడౌన్ తగ్గుతుంది. ఇంత లాభం కళ్ళముందు ఉండగా దాన్ని ఎందుకు పారబోస్తున్నారు?

తెలియక మాత్రం కాదని నా నమ్మకం. ఈ లెక్క డిప్లమా కుర్రాడికీ తెలుసు. బాయిలర్ మనిషిని ప్రెషర్ పడిపోయిందా అని అడుగుతారు. ప్రొడక్షన్ మనిషిని సరుకు తయారైందా అని అడుగుతారు. ఈ ఇద్దరి మధ్య సాగిన పైపులకు, వాటి కింద వేలాడే ట్రాపులకు, తిరిగివచ్చే నీటికి అడిగేవాడు లేడు. నా ఉద్దేశంలో కండెన్సేట్ వ్యవస్థలు చెడిపోయేది పరిజ్ఞానం కొరవడి కాదు, యజమాని కొరవడి, మీటరు కొరవడి.

ఈ మాటకు చరిత్రలోంచి ఒక సాక్ష్యం చెబుతాను. 1763-64 ప్రాంతంలో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో న్యూకోమెన్ ఆవిరి ఇంజను నమూనా ఒకటి మరమ్మతుకు జేమ్స్ వాట్ చేతికి వచ్చింది. ఆ చిన్న ఇంజను మింగే ఆవిరి చూసి ఆయన ఆశ్చర్యపోయాడు. ప్రతి స్ట్రోకుకూ సిలిండరును చల్లార్చడం, మళ్ళీ వేడెక్కించడం, దానికే ఆవిరిలో పెద్ద భాగం ఖర్చు. గుప్తోష్ణాన్ని కనిపెట్టిన జోసెఫ్ బ్లాక్ అదే విశ్వవిద్యాలయంలో ఉన్నాడు. 1765లో వాట్‌కు తట్టిన ఉపాయం, ఆవిరిని వేరే పాత్రలో చల్లార్చి సిలిండరును ఎప్పుడూ వేడిగానే ఉంచడం. 1769లో పేటెంటు వచ్చింది. ఇంతవరకూ పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది.

నాకు దీనికంటే ముఖ్యమనిపించేది ఆ ఇంజన్లకు డబ్బు వసూలు చేసిన తీరు. ఇంగ్లండులోని కార్న్‌వాల్ గనులకు బొగ్గు వేల్స్ నుంచి ఓడల్లో రావాలి, ఖరీదెక్కువ. వాట్, ఆయన భాగస్వామి బౌల్టన్ ఇద్దరూ గని యజమానులతో పెట్టుకున్న ఒప్పందం ఇది: పాత ఇంజనుతో పోలిస్తే మిగిలిన బొగ్గు ఖరీదులో మూడో వంతు మాకివ్వండి. మిగిలిందెంతో తేల్చడానికి స్ట్రోకులు లెక్కపెట్టే కౌంటరును ఇంజను దూలానికి బిగించి, పెట్టెకు తాళం వేశారు. గని యజమానులు గొణిగారు, తగాదాలు పడ్డారు, కొందరు డబ్బు ఎగ్గొట్టారు. అయినా ఆ తాళం వేసిన పెట్టె ఉండబట్టే బొగ్గు పొదుపు అన్నది రూపాయి, అణా లెక్కల్లోకి ఎక్కింది. ఆదా చేసి చూపి, అందులోంచి ఫీజు తీసుకుంటామని ఈనాడు తిరిగే ఇంధన సేవా కంపెనీలు కొత్త పద్ధతి తెచ్చామని చెప్పుకుంటాయి. అది రెండున్నర శతాబ్దాల నాటి పద్ధతే.

ఇక చక్కెర ఫ్యాక్టరీకి వద్దాం. ఆవిరిని, కండెన్సేట్‌ను కలిపి నేర్పే బడి అంతకంటే మంచిది లేదు. మన ప్రాంతంలో బోధన్ నుంచి తణుకు, ఉయ్యూరు, చోడవరం దాకా ఎందరో ఇంజనీర్లు ఆవిరి పాఠం అక్కడే నేర్చుకున్నారు. చెరుకులో 70 శాతం దాకా నీరే. నూరు కిలోల శుద్ధమైన రసంలో 15 కిలోలు కరిగిన పదార్థం ఉందనుకుంటే, దాన్ని నూటికి 60 పాళ్ళ పాకం చేయడానికి 75 కిలోల నీటిని తోలెయ్యాలి. అనకాపల్లి వైపు బెల్లం వండేచోట ఆ నీరంతా ఒక్క పెనం మీద నుంచి ఆకాశంలోకి పోతుంది. ప్రతి కిలో నీరూ తన 540 కిలో కేలరీలను వెంట తీసుకుపోతుంది.

ఆ పోయే ఆవిరినే ఇంకో పాత్ర కింద పొయ్యిగా వాడవచ్చని చూపించినవాడు నార్బర్ట్ రిల్యూ. 1806లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో పుట్టాడు. తల్లి స్వేచ్ఛ గల నల్లజాతి స్త్రీ, తండ్రి తెల్లవాడు. పారిస్‌లో ఇంజనీరింగ్ చదివి, అక్కడే పాఠాలు చెప్పి, లూసియానాకు తిరిగొచ్చాడు. అక్కడ బానిసలు మరుగుతున్న రసాన్ని ఒక బాణలిలోంచి ఇంకో బాణలిలోకి గరిటెలతో తోడుతుండేవారు. ఒళ్ళు కాలేది, కట్టెలు తగలడేవి, చక్కెర మాడేది. 1843లోను, 1846లోను ఆయనకు పేటెంట్లు వచ్చాయి. మొదటి పాత్రలోంచి లేచిన ఆవిరి రెండో పాత్రను మరిగిస్తుంది. రెండో పాత్రలో పీడనం తక్కువ కాబట్టి తక్కువ వేడికే రసం మరుగుతుంది. దాని ఆవిరి మూడోదానికి. మన ఫ్యాక్టరీల్లో ‘బాడీ’ అని పిలిచే ఈ పాత్రల్లో మొదటిదానికి 120 డిగ్రీల పైచిలుకు ఎగ్జాస్ట్ స్టీమ్ వెళ్తే, చివరి బాడీ శూన్యంలో 55 డిగ్రీల దగ్గర మరుగుతుంది. నాలుగు బాడీలుంటే ఒక కిలో ఆవిరితో దాదాపు నాలుగు కిలోల నీటిని లేపవచ్చు. ముసలితనంలో ఆ మహానుభావుడు పారిస్‌లో కూర్చుని ఈజిప్టు చిత్రలిపి చదివేవాడట. బహుశా అమెరికా వర్ణభేదం కంటే అది తేలిగ్గా అర్థమై ఉంటుంది.

ఇంత మంచి సాధనం చేతిలో ఉన్నా, మన చక్కెర ఫ్యాక్టరీలు చాలాకాలం నూరు టన్నుల చెరుకుకు 50 టన్నుల పైన ఆవిరి ఖర్చుపెట్టాయి. ఎందుకని? నూరు టన్నుల చెరుకు ఆడితే 30 టన్నుల దాకా పిప్పి వస్తుంది. దాన్ని కాలిస్తే 65 టన్నుల ఆవిరి తయారవుతుంది. కావలసింది 50. మిగిలిన పిప్పి ఏంచేయాలో తెలియదు, యార్డులో నిప్పంటుకుంటుందని భయం. కాబట్టి బాయిలరు ఎంత తింటే అంత మంచిదని చూశారు. ఆవిరి కారితే ఎవరికీ దిగులు లేదు. తమిళనాడులో పిప్పితో కాగితం తయారుచేసే మిల్లు 1984లో మొదలైంది. 1990లలో పిప్పితో కరెంటు తీసి గ్రిడ్‌కు అమ్మే వీలు కలిగింది. ఆ రోజు నుంచి ప్రతి టన్ను ఆవిరికీ ధర పలికింది. అదే ఇంజనీర్లు, అవే పుస్తకాలు. అయినా జ్యూస్ హీటర్లకు, పాన్‌లకు ఎవాపరేటర్ వేపరు మళ్ళించడం, ఐదో బాడీ చేర్చడం, కండెన్సేట్ ఫ్లాష్‌ను పట్టుకోవడం చకచకా జరిగిపోయాయి. బాగా నడిపే ఫ్యాక్టరీలు 35-40 టన్నులకు దిగాయి.  

చక్కెర ఫ్యాక్టరీ ఇంకో పాఠం కూడా చెబుతుంది. మొదటి బాడీ కండెన్సేట్ బాయిలరుకు పోతుంది. ట్యూబులో చిన్న చిల్లు పడి రసం కలిసిందా, చక్కెర బాయిలరులో విరిగి ఆమ్లమవుతుంది, నీరు నురగలు కక్కుతుంది, ట్యూబులు తినేస్తుంది. అందుకని కండెన్సేట్‌లో ఆల్ఫా నాఫ్తాల్ చుక్కలు వేసి చక్కెర జాడ చూస్తారు. ఒక్కసారి జాడ కనబడితే షిఫ్టు ఇన్‌ఛార్జి కండెన్సేట్‌ను డ్రెయిన్‌కు తిప్పుతాడు. అది సరైన పనే. మర్నాడు ట్యూబు బాగుచేస్తారు. కానీ వాల్వును తిరిగి తిప్పేవాడుండడు. తిప్పాక మళ్ళీ చక్కెర వస్తే మాట పడాలి, తిప్పకపోతే అడిగేవాడు లేడు. ఒక కండక్టివిటీ మీటరు, దానికి తగిలించిన ఆటోమేటిక్ వాల్వు ఉంటే ఈ భయం తీరుతుంది.

ఇదే భయం బల్క్ డ్రగ్ పరిశ్రమలో ఇంకో రూపంలో కనిపిస్తుంది. హైదరాబాదు చుట్టుపక్కల జీడిమెట్లలోనైనా, పటాన్‌చెరులోనైనా, విశాఖ దగ్గర పరవాడలోనైనా రియాక్టరు జాకెట్ ఒకటే. అందులోకే ఆవిరి, అందులోకే కూలింగ్ వాటరు, అందులోకే చల్లటి బ్రైన్. బ్యాచి మారేటప్పుడు జాకెట్‌లో మిగిలిన ఉప్పునీరు కండెన్సేట్‌తో కలిసి వస్తుంది. బాయిలరు పాడవుతుందని మొత్తం కండెన్సేట్‌నే ఈటీపీకి, అంటే వ్యర్థజలాల శుద్ధి కేంద్రానికి, పంపుతారు. అక్కడ ఆ శుద్ధమైన వేడినీటిని డబ్బు పెట్టి చల్లబరిచి, డబ్బు పెట్టి శుద్ధి చేస్తారు! నీటి చుక్క బయటికి పోకూడదనే నిబంధన ఉన్నచోట దాన్నే మళ్ళీ ఆవిరితో మరిగించి ఇగిరిస్తారు. ఇంతకంటే విడ్డూరం నేను చూడలేదు. జాకెట్ మార్చే ముందు గాలితో ఊది ఖాళీచేయడం, మొదటి కొద్ది నిమిషాల నీటిని మాత్రం వదిలేసి ఆ తర్వాతది పట్టుకోవడం సాధ్యమైన పని. ఆటోమేషన్ ఉన్న రియాక్టర్లలో అది ఒక ప్రోగ్రాం మార్పు మాత్రమే.

ఉప్పుడు బియ్యం మిల్లుల సంగతి కొంచెం భిన్నం. మిర్యాలగూడలో గాని, కరీంనగర్‌లో గాని నానిన ధాన్యంలోకి ఆవిరిని నేరుగా వదులుతారు. అక్కడ తిరిగొచ్చేది ఏమీ లేదు. డ్రయ్యర్ల దగ్గర మాత్రం ఆవిరి కాయిల్స్‌లో తిరుగుతుంది, ఆ నీరు శుభ్రమైనది. ఊక ఊరికే వస్తుందన్న రోజుల్లో దాన్ని వదిలేశారు. ఇప్పుడు ఊకకు గిరాకీ ఉంది. గంటకు 5 టన్నుల ఆవిరి ఇచ్చే బాయిలరుకు 90 డిగ్రీల కండెన్సేట్ 70 శాతం తిరిగొస్తే గంటకు దాదాపు వంద కిలోల ఊక మిగులుతుంది. తన మిల్లులో నేరుగా పోయే ఆవిరెంత, కాయిల్స్‌లో తిరిగేదెంత అన్న వాటా మిల్లు యజమాని లెక్క వేసుకోవాలి.

ఇక ట్రాపు. ఇది చెడిపోవడానికి రెండు దారులున్నాయి. మూసుకుపోయిన స్థితిలో చెడితే జాకెట్‌లో నీరు నిలుస్తుంది, సరుకు వేడెక్కదు, పది నిమిషాల్లో ప్రొడక్షన్ నుంచి కేక వినిపిస్తుంది. తెరుచుకున్న స్థితిలో చెడితే ఆవిరి నేరుగా దూసుకుపోతుంది. అప్పుడు యంత్రం ఇంకా బాగా వేడెక్కుతుంది! ఎవరూ ఫిర్యాదు చేయరు. మొదటి రకం చెడు కనబడి బాగవుతుంది, రెండో రకం ఏళ్ళ తరబడి సాగుతుంది. పైగా ఆపరేటర్లు వేగం కోసం ట్రాపు పక్కన బైపాస్ వాల్వు తెరిచి పెడతారు. వాళ్ళ తప్పు కాదు. గాలి బయటికి పోయే దారి లేని జాకెట్‌లో ఆవిరి ఆలస్యంగా పనిచేస్తుంది. రాగితో పోలిస్తే గాలి వేడిని పంపే శక్తి పది వేల రెట్లకు పైగా తక్కువ, పల్చటి పొర చాలు అడ్డుపడటానికి. ఎయిర్ వెంటు పెట్టకుండా బైపాస్ తెరవొద్దని చెబితే ఆపరేటరు వినడు, వినకూడదు కూడా.

మూడు నుంచి ఐదేళ్ళు పట్టించుకోని వ్యవస్థలో 15 నుంచి 30 శాతం ట్రాపులు చెడి ఉండవచ్చని, క్రమం తప్పకుండా చూసే చోట అది 5 శాతం లోపు ఉండాలని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. మన దేశంలో ఇందుకు భిన్నంగా ఉండే కారణం నాకు కనబడదు. 7 కిలోల పీడనం దగ్గర 3 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి గంటకు 25-30 కిలోల ఆవిరి పోతుంది. ఏడాదికి 8,000 గంటలు నడిచే ఫ్యాక్టరీలో అది 200 టన్నుల పైమాట, అంటే మన బొగ్గుతో 40-50 టన్నులు. ఒక్క రంధ్రానికి!

లాగింగ్ గురించి, అంటే వేడి పోకుండా పైపులకు కట్టే తొడుగు గురించి, ఎక్కువ చెప్పను. నాలుగంగుళాల పైపు పది మీటర్లు ఒట్టిగా ఉంటే గంటకు 12 కిలోల ఆవిరి ఊరికే నీరవుతుంది. మరమ్మతు కోసం విప్పిన లాగింగ్‌ను తిరిగి కట్టించే బాధ్యత ఏ కాంట్రాక్టులోనూ రాసి ఉండదు. అందుకే వాల్వులు, ఫ్లాంజులు బోడిగా నిలబడి ఉంటాయి.

కండెన్సేట్ ట్యాంకు మీద లేచే తెల్లటి మేఘాన్ని గురించి మాత్రం చెప్పాలి. 170 డిగ్రీల నీరు బయటి పీడనానికి రాగానే అందులో 13 శాతం మళ్ళీ ఆవిరవుతుంది. దాన్ని ఒక ఫ్లాష్ వెసెల్‌లో తక్కువ పీడనం దగ్గర పట్టుకుంటే డీఏరేటరుకో, నీటి హీటరుకో పనికొస్తుంది. మిగిలిన నీటిని పంపు చేయడంలో ఇంకో చిక్కుంది. మరిగే నీటిని మామూలు సెంట్రిఫ్యూగల్ పంపు లాగలేదు, లోపల బుడగలు పగిలి ఇంపెల్లరు గుంటలు పడుతుంది. పంపు మాటిమాటికీ పాడవుతుంటే ఫిట్టరు ట్యాంకులోకి చన్నీళ్ళు వదులుతాడు. దాంతో పంపు బతుకుతుంది, వేడి చస్తుంది. ట్యాంకును ఎత్తున పెట్టడమో, ఆవిరితోనే నీటిని తోసే పంపు పెట్టడమో దీనికి మందు.

పైపు వాలు, డ్రిప్ పాకెట్లు సరిగా లేక మెయిన్ లైనులో నీరు నిలిస్తే పోయేది ఇంధనమే కాదు. సెకనుకు 25-30 మీటర్ల వేగంతో వచ్చే ఆవిరి ఆ నీటి ముద్దను మోసుకొచ్చి వంపులో కొడుతుంది. వాటర్ హామర్‌కు వాల్వులు పగిలి మనుషులు పోతారు. ఉదయం లైను చార్జ్ చేసేటప్పుడు దడదడ చప్పుడును మామూలే అనుకునే ఫ్యాక్టరీని నేను క్షమించలేను.

ప్రభుత్వం మాట. 1863లో కలకత్తాలో బాయిలరు పేలిన తర్వాత మన దేశంలో బాయిలర్ల చట్టాలు మొదలయ్యాయి. 1923 నాటి చట్టం స్థానంలో 2025లో కొత్తది వచ్చింది. ఇవన్నీ బాయిలరు పేలకుండా చూసేవి. ఆవిరి వృథా కాకుండా చూసే ఇంధన సంరక్షణ చట్టం 2001లో గాని రాలేదు. ఆ చట్టం కింద 2012లో మొదలైన పాట్ (PAT) పథకం తొలి విడతలో ఎనిమిది రంగాల్లోని 478 భారీ సంస్థలకు లక్ష్యాలు పెట్టి, మించి ఆదా చేసినవారికి అమ్ముకోదగిన సర్టిఫికెట్లు ఇచ్చారు. కాగితం, ఎరువులు, వస్త్ర పరిశ్రమ ఆ జాబితాలో ఉన్నాయి. చక్కెర, మందులు, రైస్ మిల్లులు లేవు. పెద్దవాళ్ళ వెంట పడటం తేలిక కాబట్టి అలా చేశారనుకుంటాను. పథకం మంచిదే, వాట్ కౌంటరుకు అది మనుమడి వరస. కానీ చిన్న బాయిలర్లన్నీ దాని నీడకు బయటే ఉన్నాయి.

ఎనర్జీ ఆడిట్ రిపోర్టుల మీద నాకు పెద్ద ఆశ లేదు. వచ్చిన ఆడిటరు ట్రాపులన్నీ పరీక్షించి జాబితా ఇచ్చి వెళ్తాడు, రిపోర్టు బీరువాలోకి వెళ్తుంది. ట్రాపులకు తగిలించే వైర్‌లెస్ సెన్సర్లు కూడా వచ్చాయి. చెడిన ట్రాపు పేరు తెరమీద ఎర్రగా మెరుస్తుంది. దాన్ని మార్చడానికి స్టోర్సులో స్పేరు, ఇండెంటు మీద సంతకం లేకపోతే ఆ ఎరుపు అలా మెరుస్తూనే ఉంటుంది.

ఈ సభలో ఫ్యాక్టరీ మేనేజర్లు ఉన్నారు కాబట్టి వారిని అడుగుతున్నాను. సాఫ్ట్‌నర్ నుంచి ఫీడ్ ట్యాంకుకు వెళ్ళే మేకప్ లైనులో ఒక నీటి మీటరు బిగించండి. ఫీడ్ పంపు తర్వాత ఇంకొకటి. రెండింటి తేడాయే మీకు తిరిగొచ్చిన కండెన్సేట్. ఫీడ్ నీటిలో అది ఎంత శాతమో లెక్కగట్టి, ప్రతి షిఫ్టులో ఆ శాతాన్ని ఉత్పత్తి అంకె పక్కనే బోర్డు మీద రాయించండి. ప్రతి ట్రాపుకూ నంబరు వేయించి, ఆ రిజిస్టరు మీద ఒకే ఒక్క మనిషి పేరు రాయండి. ఆయనకు స్పేర్లు కొనే అధికారం ఇవ్వండి. మిగిలిన ఇంధనంలో కొంత వాటా ఆయన జట్టుకు బోనస్‌గా ఇవ్వండి. మీటర్ల ఖరీదు మీ బాయిలరు కొద్ది రోజుల్లో కాల్చే బొగ్గు ఖరీదు కంటే తక్కువ. వచ్చే ఇంజనీర్ల దినోత్సవానికి మీ శాతం ఎంతో ఈ వేదిక మీద చెప్పమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.